పిల్లల్ని బడికి ఎందుకు పంపుతున్నాం? బడి తన పని చేస్తోందో లేదో దేన్ని చూసి చెప్పాలి?

కుందలహళ్ళి_రమణ

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఒకటో తరగతి అడ్మిషన్ల గురించి ఇక్కడ బోలెడు పోస్టులున్నాయి. అన్నీ ఫీజు, బోర్డు, బస్సు రూటు చుట్టూనే తిరుగుతున్నాయి. నేనడిగేది వేరు. పిల్లను పన్నెండేళ్ళు బడికి అప్పగిస్తున్నాం. ఆ పన్నెండేళ్ళలో బడి చేసి తీరాల్సిన పనేంటి? అది జరుగుతోందో లేదో ప్రోగ్రెస్ కార్డు కాకుండా ఇంకేం చూసి తెలుసుకోవాలి? పాఠాలు చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే వివరంగా రాయండి.

లెక్కల_మాస్టారు

రమణ గారూ, ఐదో తరగతి దాకా బడి చెయ్యాల్సిన పనులు నా లెక్కలో మూడు. పిల్ల తనంతట తాను చదివి అర్థం చేసుకోవాలి. తనంతట తాను లెక్క కట్టాలి. తెలియనిదాన్ని పదిమందిలో నిలబడి అడగగలగాలి. మిగతా సబ్జెక్టులన్నీ వీటిమీదే నిలబడతాయి. నాలుగో తరగతిలో పరిసరాల విజ్ఞానం రాదంటున్న పిల్లల్లో చాలామందికి నిజంగా రానిది చదవడం.

ప్రోగ్రెస్ కార్డులో ఇది ఎందుకు కనపడదంటే, పరీక్షలో వచ్చేది పాఠం చివరి ప్రశ్నే. జవాబు టీచరు బోర్డు మీద రాస్తారు, పిల్లలు ఎక్కించుకుంటారు, ఇంటికొచ్చి బట్టీపడతారు. చదవడం సరిగా రాని పిల్లకు కూడా ఇలా డెబ్భై మార్కులు రావచ్చు. ఆరో తరగతికి పాఠాలు పొడుగవుతాయి, బట్టీకి లొంగవు. అప్పుడు ‘తెలివి తగ్గింది, ఫోన్ ఎక్కువైంది’ అంటాం. లోటు రెండో తరగతిలోనే మొదలైంది.

ఊళ్ళలో పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో ఇంటింటికీ వెళ్ళి చూసే అసర్ సర్వేవాళ్ళు 2005 నుంచి వాడుతున్న పరీక్ష చాలా సులువు. అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్ల ఏ మెట్టు దాకా ఎక్కితే అది రాసుకుంటారు. లెక్కల్లో ఒకంకె సంఖ్యలు గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒకంకెతో భాగించడం. అంతే. ఇది ఇంట్లో పది నిమిషాల పని.

శారద_టీచర్

మాస్టారు చెప్పిన చదువు పరీక్షలో జనం ఎక్కువగా తప్పే చోటు ఒకటుంది. పిల్ల పాఠ్యపుస్తకమే తెరిచి చదివిస్తారు. ఆ పాఠం క్లాసులో ఎన్నోసార్లు గొంతెత్తి చదివినదే, కళ్ళు మూసుకున్నా చెబుతుంది. ఎప్పుడూ చూడని పేరా కావాలి. రెండో తరగతి పూర్తయిన పిల్లలకు ఇది సరిపోతుంది:

‘చెరువు గట్టు మీద వేపచెట్టు ఉంది. గౌరి మేకలను ఆ చెట్టుకు కట్టేసింది. మధ్యాహ్నం గాలికి ఒక కొమ్మ విరిగి పడింది. ఒక మేక బెదిరి తాడు తెంపుకుని పక్క చేలోకి పోయింది. ఆ చేను రాములుది. గౌరి పరుగున వెళ్ళి మేకను పట్టుకొచ్చింది. సాయంత్రం దాకా ఆమె రాములు చేలో వాలిపోయిన మొక్కలకు కర్రలు కట్టింది.’

చేత్తో పెద్ద అక్షరాలతో తెల్లకాగితం మీద రాసివ్వండి. బొమ్మ వెయ్యొద్దు, బొమ్మ చూసి ఊహించి చెబుతారు. మధ్యలో ఆగితే ఐదు సెకన్లు ఊరుకోండి. వెంటనే అందించేస్తే పిల్ల ఏ అక్షరం దగ్గర ఆగిందో మీకు తెలియదు. చదివాక మూడు రకాల ప్రశ్నలు వెయ్యండి. ‘వేపచెట్టు ఎక్కడుంది?’ అన్నదానికి జవాబు కాగితం మీదే ఉంది. ‘మొక్కలు ఎందుకు వాలిపోయాయి?’ అన్నది కాగితం మీద లేదు, మేక చేలోకి పోవడాన్నీ మొక్కలనూ కలుపుకోవాలి. ‘గౌరి కర్రలు ఎందుకు కట్టింది?’ అన్నదానికి తన మాటల్లో చెప్పాలి. మొదటిది చెప్పి రెండోదాని దగ్గర ఆగిపోతే పిల్ల అక్షరాలు చదువుతోంది, కథ చదవడం లేదని అర్థం.

వేగం గురించి ఒక మాట. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యాల్లో మూడో తరగతి చివరికి నిమిషానికి 60 పదాలని ఉంది. తెలుగుకు ఆ అంకె యథాతథంగా పెట్టుకోవద్దు. ‘పట్టుకొచ్చింది’ మనకు ఒకే పదం. మాటమాటకీ ఆగకుండా, వాక్యం చివర గొంతు దించుతూ చదివితే చాలు. స్టాప్‌వాచ్ పెడితే పిల్లలు అర్థాన్ని వదిలేసి పరుగు మొదలుపెడతారు.

వైట్‌ఫీల్డ్_ప్రసాద్

చదవడం, లెక్క కట్టడం ముఖ్యమే, ఒప్పుకుంటాను. కానీ తల్లిదండ్రులు బడికి పంపేది కాగితం కోసం కూడా. దాన్ని తక్కువ చెయ్యడం న్యాయం కాదు. పుట్టినతేదీ రుజువుగా పదో తరగతి మార్కుల జాబితా జీవితాంతం పనికొస్తుంది. ఐటీఐకి, మూడేళ్ళ డిప్లొమాకి, చాలా ప్రభుత్వోద్యోగాలకి అదే గుమ్మం. చేతిలో పొలం లేని ఇంటికి ఆ కాగితమే ఆస్తి.

బెంగళూరు తెలుగువాళ్ళు ఒక విషయం మర్చిపోతారు. కర్ణాటక సీఈటీలో (ఇంజినీరింగ్ లాంటి కోర్సుల ప్రవేశ పరీక్షలో) రాష్ట్రం పిల్లగా నిలవాలంటే ప్రధానమైన దారి, ఒకటో తరగతి నుంచి రెండో పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడు) లోపల కనీసం ఏడేళ్ళు కర్ణాటక బడుల్లో చదివి ఉండాలి, పదో తరగతో రెండో పీయూసీనో ఇక్కడే పాసై ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో స్థానికత చూసేది అర్హత పరీక్షతో ముగిసే వరస నాలుగేళ్ళని. అందుకని ఎనిమిదో తరగతిలో ఇక్కడికొచ్చి, పదయ్యాక ఇంటర్‌కి మళ్ళీ అటు పంపితే రెండు చోట్లా చిక్కే. మకాం మార్చేముందు ఏళ్ళు లెక్క వేసుకోండి. బడి మారినప్పుడల్లా స్టడీ సర్టిఫికెట్ ఆ నెలలోనే తీసుకోండి. పదేళ్ళ తర్వాత వెళ్తే ఆ బడి మూతపడి ఉండొచ్చు, అప్పుడు బీఈఓ (బ్లాకు విద్యాధికారి) ఆఫీసు చుట్టూ తిరగాలి. కాగితం మీద తరగతి, విద్యాసంవత్సరం, గుర్తింపు నంబరు, సీలు నాలుగూ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. నియమాలకు మినహాయింపులున్నాయి కాబట్టి ఆ ఏడాది బ్రోషర్ తప్పకుండా చదవండి.

లెక్కల_మాస్టారు

ప్రసాద్ గారు చెప్పినదాంట్లో నేను కాదనేది ఏమీ లేదు. కాగితం గుమ్మం దాటిస్తుంది. దాటాక లోపల నిలబెట్టేది చదువే. డిప్లొమా మొదటి సెమిస్టర్‌లో లెక్కల పేపరు దగ్గర పడిపోయే పిల్లల్ని చూస్తే భిన్నాలూ దశాంశాల దగ్గరే ఆగిపోయి ఉంటారు. మార్కుల జాబితాలో మాత్రం పాస్ అని ఉంటుంది.

ఎగ్మూర్_వెంకట్

చెన్నై నుంచి. బడి ఎందుకన్న ప్రశ్నకు ఈ ఊళ్ళోనే చాలా పాత జవాబులున్నాయి, కాస్త వివరంగా రాస్తాను.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరినీ బడుల లెక్కలు అడిగాడు. 1826లో తేలిన లెక్క: మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. బ్రిటిషువాళ్ళు రాకముందు మనకు బడే లేదన్న మాట నిజం కాదని ఈ లెక్కే చెబుతుంది. అయితే ఆ బడుల్లో ఆడపిల్లలు చాలా కొద్దిమంది. ఇది కూడా అదే లెక్కలో ఉంది.

బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక తెలుగు, కన్నడ బడుల గురించి. ఐదో ఏట గణపతి పూజ, బియ్యంలో వేలు పట్టించి రాయించడం, తర్వాత ఇసకలో వేలితో అక్షరాలు. పై పిల్లలు కింది పిల్లలకు నేర్పడం. ఈ పద్ధతి తక్కువ ఖర్చుతో బాగా నడుస్తోందని ఆయన మెచ్చుకున్నాడు. లోపం కూడా రాశాడు. పుస్తకాలన్నీ పద్యాలు, మాట్లాడే భాషకు దూరం. పిల్లలు వల్లెవేస్తారు, అర్థం తెలియదు, చాలాచోట్ల గురువులకే తెలియదు. పేదరికం వల్ల పిల్లల్ని బడి మాన్పించి పనికి పెడుతున్నారనీ రాశాడు. శారద గారు పైన చెప్పిన జబ్బు రెండు వందల ఏళ్ళ నాటిది.

పై పిల్లలు కింది పిల్లలకు నేర్పే పద్ధతి ఇక్కణ్ణుంచే ఇంగ్లండుకు వెళ్ళింది. ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమాన్ని 1789 నుంచి చూసుకున్న ఆండ్రూ బెల్, ఇసకలో రాసే పిల్లల్ని చూసి దాన్ని తన బడిలో పెట్టి, 1797లో లండన్‌లో నివేదికగా అచ్చు వేశాడు. అక్కడ దాని పేరే మద్రాసు పద్ధతి. కారుచౌకగా వేలమందికి అక్షరాలు నేర్పడం దాని బలం. నేర్పే పిల్లకు తెలిసినంతవరకే నేర్చుకునే పిల్లకు వస్తుంది, అది దాని హద్దు.

1835లో మెకాలే నోట్‌తో ఉద్దేశం మారింది. పాలకులకూ ప్రజలకూ మధ్య మాట మోసే కొద్దిమందిని ఇంగ్లీషులో తయారు చేయడం, మిగతావాళ్ళ సంగతి తర్వాత. బడి అంటే ఆఫీసు ఉద్యోగానికి దారి అన్న భావం మన ఇళ్ళలో స్థిరపడింది ఆ తర్వాతి తరాల్లోనే.

1920లో ఇంకో జవాబు వచ్చింది. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ శెట్టి థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు ఫలహారం పెట్టించాడు. పిల్లకు రోజుకు అణా మించకుండా ఖర్చు. ఆకలితో ఉన్న పిల్ల బడికి రాదు, వచ్చినా వినదు అన్నదే కారణం. కామరాజ్ కాలంలో అది రాష్ట్రమంతా వ్యాపించింది, 1982లో ఎంజీఆర్ ప్రభుత్వం పెంచింది, 2001 నవంబరులో సుప్రీంకోర్టు దేశమంతా వండిన భోజనం పెట్టమంది. 2022 నుంచి తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో పొద్దున టిఫిన్ కూడా ఉంది. నా దృష్టిలో ఒకే బంతిలో కూర్చుని తినడం కూడా పాఠమే. ఏ కులం పిల్ల పక్కన ఏ కులం పిల్ల కూర్చోవాలో ఇల్లు నేర్పినదాన్ని చెరిపే చోటు బడి తప్ప ఇంకొకటి పెద్దగా లేదు.

హెబ్బాళ_అనూరాధ

వెంకట్ గారూ, చివరి మాట చాలా ముఖ్యం. బడి చూడ్డానికి వెళ్ళే తల్లిదండ్రులు స్విమ్మింగ్ పూల్ చూస్తారు, క్లాసులో ఎవరెవరు పక్కపక్కన కూర్చున్నారో చూడరు. మార్కుల వారీగా సెక్షన్లు విడగొట్టే బడిలో కింది సెక్షన్ పిల్లకు తనమీద తనకున్న నమ్మకం ఐదో తరగతికే పోతుంది. ఆ సెక్షన్‌కు కొత్తగా చేరిన టీచర్లను వెయ్యడం కూడా మామూలే. బడి చూడ్డానికి వెళ్ళినప్పుడు సూటిగా అడగండి, ‘సెక్షన్లు దేన్నిబట్టి చేస్తారండీ?’ అని.

ఇంకో సంగతి. చేరే పిల్లకు రాతపరీక్ష గానీ, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ గానీ పెట్టి వడపోయడం విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. కొట్టడం, మనసు నొప్పించేలా శిక్షించడం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. భయపడే పిల్ల తెలియదని చెప్పదు. మాస్టారు చెప్పిన మూడో పని, పదిమందిలో అడగడం, అక్కడే చచ్చిపోతుంది.

బొమ్మనహళ్ళి_శేషు

ఇక్కడ అపార్ట్‌మెంట్ల పనుల్లో పాలమూరు, అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలు ఇటుకల దగ్గర ఆడుకుంటున్నారు. టీసీ లేదు, ఆధార్‌లో తప్పులు, తొమ్మిదేళ్ళు వచ్చినా బడి మొహం చూడనివాళ్ళున్నారు. దగ్గర్లో ప్రభుత్వ బడి ఉంది. జూన్ అయిపోయింది కదా, తీసుకుంటారా? తొమ్మిదేళ్ళ పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడతారా?

హెబ్బాళ_అనూరాధ

శేషు గారూ, తీసుకోవాలి. విద్యాహక్కు చట్టం సెక్షన్ల నంబర్లు రాసుకుని వెళ్ళండి, హెడ్‌మాస్టర్ గారితో గొడవ పడే పని ఉండదు.

4వ సెక్షన్: ఆరేళ్ళు దాటినా బడిలో చేరని పిల్లను వయసుకు తగిన తరగతిలోనే చేర్చాలి. తొమ్మిదేళ్ళంటే సుమారుగా నాలుగో తరగతి. తోటివాళ్ళను అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పద్నాలుగు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితమే. 5వ సెక్షన్: టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. పాత బడి హెడ్‌మాస్టర్ టీసీ వెంటనే ఇవ్వాలి. ఇది ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు మారేవాళ్ళకు. 14వ సెక్షన్: వయసు రుజువు లేదని తిప్పి పంపకూడదు. అంగన్‌వాడీ రిజిస్టరు, ఆసుపత్రి కాగితం, అదీ లేకపోతే తల్లి గానీ తండ్రి గానీ రాసిచ్చే ప్రకటన చాలు. 15వ సెక్షన్: చేరికల గడువు దాటిపోయినా చేర్చుకోవాలి.

ముందు వాళ్ళ ఊరి బడిలో పేరుందేమో కనుక్కోండి. ఉంటే అక్కడ తొలగించకుండా ఇక్కడ ఆన్‌లైన్‌లో ఎక్కించడం కుదరక ఆగిపోతుంది. ఇక్కడ ఎస్‌ఏటీఎస్ నంబరు (కర్ణాటక బడుల్లో ప్రతి పిల్లకూ ఆన్‌లైన్‌లో ఇచ్చే నంబరు) పుట్టాలంటే ఆ చిక్కు తీరాలి. ఆ కారణంతో పిల్లను బయట కూర్చోబెట్టడం మాత్రం కుదరదు, క్లాసులో కూర్చోబెట్టి కాగితాల పని నడిపించుకోమనండి. మాట సాగకపోతే బడి ఎస్‌డీఎంసీ (బడి అభివృద్ధి, నిర్వహణ కమిటీ) అధ్యక్షుణ్ణి కలవండి, అక్కడా కాకపోతే బీఈఓకి రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు సీలు వేయించుకోండి.

ఇందులో నిజంగా కష్టమైంది చేర్చడం కాదు, నిలబెట్టడం. నాలుగో తరగతిలో అక్షరాలు రాని పిల్ల రెండు వారాలు చూసి మానేస్తుంది. ప్రత్యేక శిక్షణ ఎవరిస్తారు, రోజూ ఏ గంటలో ఇస్తారు అన్నది చేర్చిన రోజే తేల్చుకోండి.

శారద_టీచర్

శేషు గారూ, ఒకటి నుంచి మూడో తరగతి దాకా ఇక్కడి ప్రభుత్వ బడుల్లో నలి-కలి (ఆడుతూ నేర్చుకో) అనే బోధన పద్ధతి ఉంటుంది. అది మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో పుట్టిన పద్ధతి, 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటెలో మొదలైంది. పాఠ్యపుస్తకం బదులు మెట్లుగా పేర్చిన కార్డులు. పిల్ల ఎన్నాళ్ళు రాకపోయినా వదిలిన మెట్టు నుంచే ఎక్కుతుంది. పని కోసం ఊళ్ళు మారే కుటుంబాల పిల్లలకు ఇంతకన్నా అనువైంది లేదు. టీచరు పక్కనే ఉండాల్సిన పిల్లలు ఒక గుంపు, సొంతంగా చేసుకునేవాళ్ళు ఇంకో గుంపు, మధ్యలో తోటిపిల్లల సాయంతో చేసేవాళ్ళు, ఇలా ఐదు గుంపులుగా కూర్చుంటారు. ఇది చెడేదెప్పుడంటే, కార్డులు చిరిగి పోయాక కొత్తవి రానప్పుడు, ఒకే టీచరుకు పిల్లలు మరీ ఎక్కువైనప్పుడు. చట్టం అనుబంధంలో ఐదో తరగతి దాకా అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, తొంభై వరకు ముగ్గురు అని ఉంది. వెళ్ళినప్పుడు లెక్కపెట్టి చూడండి.

వైట్‌ఫీల్డ్_ప్రసాద్

టీచర్ గారూ, బడిలో కన్నడం, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు. మూడు లిపులు ఒకేసారి పెడితే పిల్లకు బరువు కాదా?

శారద_టీచర్

మూడూ ఒకేసారి మొదలుపెడితే బరువే. ఒక లిపిలో చదవడం కుదిరాక రెండోది ఎత్తుకోండి. కన్నడం వచ్చిన పిల్లకు తెలుగు చాలా దగ్గర. అక్షరాల వరస ఒకటే, గుణింతం ఒకటే, ఒత్తులు కిందే వస్తాయి. క, త, శ లాంటి కొన్ని రూపాలు, తలకట్టు తీరు వేరు. రోజుకు పావుగంట చొప్పున రెండు మూడు నెలల్లో దారిలో పడతారు.

చెన్నై పిల్లలకు చిక్కు ఇంకోచోట. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. ఆ అలవాటుతో ‘గది’ని ‘కది’ అని రాస్తారు. వాళ్ళకు రాతకన్నా ముందు చెవి పని చెయ్యాలి. కాలి-గాలి, పడి-బడి, తాత-దాత ఇలా జంటలు పలికి ఏది విన్నారో వేలితో చూపించమనండి.

ఎవరికైనా ఒకే జాగ్రత్త. గుణింతం పాటలా అప్పజెప్పించొద్దు. ‘క కా కి కీ’ వరసలో గడగడ చెప్పే పిల్లకు విడిగా ‘కె’ రాసి చూపిస్తే మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకుంటుంది. ముక్కలుగా కత్తిరించి కలిపేసి అడగండి. మ-య, న-స, ప-వ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో పిల్లతోనే చెప్పించండి.

లెక్కల_మాస్టారు

లెక్కల వైపు కూడా అలాంటివే రాస్తాను, నోటుపుస్తకం చూస్తే దొరుకుతాయి.

52లోంచి 27 తీసేస్తే 35 అని రాసిందనుకోండి. పిల్ల అజాగ్రత్త కాదు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసింది. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలన్న నియమం తనకు తానే పెట్టుకుంది. ఇంటూ మార్కు కొట్టి సరైన జవాబు రాసిస్తే ఆ నియమం అలాగే ఉంటుంది. ఐదు పదిరూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు చేతికివ్వండి. 27 ఇవ్వమనండి. బిళ్ళలు చాలవు, ఒక పదినోటు మార్చాలని తనే అంటుంది. అదే అప్పు తెచ్చుకోవడం. మార్చిన తర్వాతే కాగితం మీద రాయించండి.

‘మూడు వందల నాలుగు’ చెబితే 3004 రాస్తే, 300 రాసి పక్కన 4 పెట్టిందన్నమాట. 612ని 6తో భాగించి 12 అంటే మధ్య సున్నా మింగింది. ఇవన్నీ స్థానవిలువ తప్పులు. ఎక్కాలు ఇరవై దాకా వచ్చినా ఇవి పోవు.

నోటుపుస్తకంలో ఇంకొకటి చూడండి. పేజీలన్నీ తప్పులేకుండా ఉండి, పక్కపిల్ల పుస్తకంలో కూడా అక్షరం పొల్లు పోకుండా అవే లెక్కలు ఉంటే అది బోర్డు మీదిది ఎక్కించడమే. కొట్టివేతలు, తప్పు దారి పట్టి మళ్ళీ చేసిన లెక్కలు ఉన్న పుస్తకం మంచి పుస్తకం.

కుందలహళ్ళి_రమణ

అందరికీ కృతజ్ఞతలు. శుక్రవారం రెండు బడులు చూడ్డానికి వెళ్తున్నాను. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి బ్రోషర్ చూపిస్తారు. అది కాక ఏం చూడాలో చెప్పండి.

హెబ్బాళ_అనూరాధ

పని రోజు, పదకొండు గంటలకు వెళ్ళండి. నడవాలో నిలబడి రెండు నిమిషాలు వినండి, టీచరు గొంతు ఒక్కటే వినపడుతోందా, పిల్లల గొంతులు కూడానా. లైబ్రరీ ఉంటే అట్టలు నలిగిన పుస్తకాలు ఎన్నో, ఇంటికి ఇస్తారో లేదో అడగండి. ఆడపిల్లల మరుగుదొడ్డికి గొళ్ళెం, నీళ్ళు ఉన్నాయో చూసి రావడానికి మీ ఆవిడను తప్పకుండా తీసుకెళ్ళండి. మూడో తరగతి టీచర్లు ఆ బడిలో ఎన్నేళ్ళుగా ఉన్నారో అడగండి. ఏడాదికోసారి మారిపోతుంటే జీతాలు సరిగా ఇవ్వడం లేదని అనుమానించండి.

లెక్కల_మాస్టారు

రమణ గారూ, నాలుగో తరగతి పిల్లల లెక్కల నోటుపుస్తకాలు రెండు చూపించమనండి, వాళ్ళు ఎంచి ఇచ్చినవి కాకుండా మీరు కట్టలోంచి తీసుకున్నవి. కుదరదంటే రెండో బడిలోనూ అదే అడిగి చూడండి.